అయిదున్నర లక్షల్లో సరదాగా నడిపే సెకండ్ హ్యాండ్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్: మూడు బండ్లు చూశాను, ఏది తీసుకోమంటారు?

రాజోలు కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు పక్కన ఏటిగట్టు కింద ఊరు. భీమవరం వైపు రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు చేసే ల్యాబులో పని చేస్తున్నాను. రోజూ బైకు మీదే వెళ్లొస్తాను. వయసు ముప్పై ఒకటి. నాన్నగారి డీజిల్ కారు పోయినేడు అమ్మేశాం. ఇప్పుడు నా డబ్బుతో, నా కోసం ఒక కారు కొనుక్కోవాలనుంది. ఆరేళ్లుగా దాచింది 5,50,000. బండి, పేరు మార్పు, ట్యాక్సు, ఇన్సూరెన్సు, టైర్లు అన్నీ అందులోనే అయిపోవాలి. అప్పు మాత్రం చెయ్యను.

నాకు కారు ఎందుకో చెప్తానండి. నేను డ్రైవింగ్ నేర్చుకుంది మా బావగారి 2007 స్విఫ్ట్ మీద, 1.3 పెట్రోలు. ఆయన పక్కన కూర్చుని, "గేరు మార్చేటప్పుడు మీటరు చూడకు, ఇంజను చప్పుడు విను" అనేవారు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ తర్వాత నాన్నగారి డీజిలు పదేళ్లు నడిపాను, బరువులు మోసింది, ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, కానీ ఒక్కరోజు కూడా ఊరికే తాళం తీసుకుని బయల్దేరాలనిపించలేదు. నాకు ఆదివారం తెల్లారుజామున, కొబ్బరితోటల్లో మంచు ఇంకా విడకముందే చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు దాకా వెళ్లి, టీ తాగి తిరిగి రావాలనుంటుంది. ఆ గంటా నడుపుతున్నట్టుండాలి. నూట అరవైలో పోవాలని కాదండి, మన రోడ్ల మీద అది పనికిరాదు, నాకు ఆ కోరికా లేదు. నలభై నుంచి ఎనభై మధ్య, రెండో గేరు మూడో గేరు మీద బండి బతికున్నట్టుంటే చాలు.

అమ్మా నాన్నా కూడా ఎక్కుతారు. అంతర్వేది తీర్థానికి, అమలాపురం ఆసుపత్రికి ఇదే బండి. రెండో కారు లేదు.

చూసినవి ఇవి, మూడూ టర్బో (ఇంజనులోకి గాలిని ఎక్కువగా నెట్టే చిన్న ఫ్యాను) ఉన్నవే:

మారుతి బాలెనో ఆర్‌ఎస్, 2018, కాకినాడలో ఒక డాక్టరు గారిది, 62,000 తిరిగింది, ఏపీ 05 నంబరు. 5,40,000 చెప్తున్నారు.

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, 2015, యానాంలో ఉంది, పీవై 04 నంబరు, 78,000 తిరిగిందట. బ్రోకరు ద్వారా, 4,60,000. బయటినుంచి చూస్తే మూడింట్లోకీ శుభ్రంగా ఉన్నది ఇదే.

ఫియట్ వారి అబార్త్ పుంటో, 2016, హైదరాబాద్‌లో, టీఎస్ నంబరు, 54,000. 5,75,000 అడుగుతున్నారు, కూర్చుంటే దిగుతారేమో. దీనికి రీమ్యాప్ (ఇంజను కంప్యూటరు సెట్టింగులు మార్చి బలం పెంచడం) చేయించామని, ఇప్పుడింకా బాగా లాగుతుందని ఫోనులో చెప్పారు.

మనసు అబార్త్ మీదుంది, లెక్క పోలో వైపు లాగుతోంది, మా బావగారు ఆర్‌ఎస్ అంటున్నారు. ఈ బండ్లు ఇక్కడి రోడ్ల మీద నడిపినవాళ్లు చెప్తారని అడుగుతున్నాను. ఇంకో సందేహం, ఇప్పుడొస్తున్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు ఈ పాత టర్బోలకు పడుతుందా?

గూడెం టీజెట్:

నా దగ్గర అయిదేళ్లుగా అబార్త్ ఉంది. తాడేపల్లిగూడెం నుంచి రాజమండ్రి, ఏలూరు, నెలకోసారి విజయవాడ తిరుగుతుంటాను. దాన్ని అమ్మమంటే అమ్మను. ఆ మాట ముందే చెప్పి, మీరు మాత్రం కొనొద్దని చెప్తున్నాను.

అబార్త్‌లో ఉన్నది 1.4 లీటర్ల టీజెట్ ఇంజను, 145 హెచ్‌పీ బలం, 212 ఎన్‌ఎం టార్కు (లాగే శక్తి). నాలుగు చక్రాలకూ డిస్కులు. మీరన్న మూడింట్లో ఇదే బలమైనది, అందులో వాదనే లేదు. 2015 అక్టోబరులో వచ్చినప్పుడు పది లక్షల లోపు ధరకు అంత బలమిచ్చిన హ్యాచ్‌బ్యాక్ మన దేశంలో ఇంకోటి లేదు. స్టీరింగు హైడ్రాలిక్, అందుకే చేతికి రోడ్డు తెలుస్తుంది. ఒక్కసారి అలవాటైతే ఎలక్ట్రిక్ స్టీరింగులన్నీ మొద్దుగా అనిపిస్తాయి.

మరి ఎందుకొద్దంటే, టర్బో అందుకునేది దాదాపు 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దాటాకే. మీరడిగింది నలభై నుంచి ఎనభై. కాలవగట్టు మీద ముందు ట్రాక్టరు, ఎదురుగా ఆటో, మూడో గేరులో 1,500 దగ్గర తొక్కితే బండి ఆలోచించుకుంటూ కూర్చుంటుంది. హైవే మీద అదే బండి వేరేగా ఉంటుంది. నేను జాతీయ రహదారి పక్కనే ఉంటాను కాబట్టి నాకు సరిపోయింది. రెండోది ఎత్తు, నేలకు 155 మిల్లీమీటర్లే. నలుగురు ఎక్కితే మన పల్లెల్లో గుడి ముందూ బడి ముందూ పోసిన స్పీడ్ బ్రేకర్లు ఐమూలగా ఎక్కించాలి.

సామాన్ల మాటకొస్తే, ఫియట్ కార్లు మన దేశంలో కొత్తవి రావడం ఆగి చాలా ఏళ్లయింది. ఇంజను భాగాలు కొన్ని లీనియా టీజెట్‌తో కలుస్తాయి, బాడీ భాగాలు మామూలు పుంటో ఎవోతో కలుస్తాయి కాబట్టి దొరకవని కాదు. కానీ వెతుక్కోవాలి, ఎదురుచూడాలి. నేను ఒక హెడ్‌లైటూ, ముందు బంపరూ, ఒక సెట్టు బ్రేకు ప్యాడ్లూ ముందే కొని అటక మీద పెట్టుకున్నాను. మా ఇంట్లో ఇంకో కారుంది కాబట్టి ఇది పది రోజులు షెడ్డులో పడుకున్నా పని ఆగదు. మీకు ఇదొక్కటే కారు, పైగా అమ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటున్నారు.

అమలాపురం స్విఫ్ట్:

నేను అమలాపురంలో బ్యాంకులో పని చేస్తానండి, ఇల్లు కొత్తపేట వైపు. రోజూ కాలవ పక్క రోడ్డు మీదే రాకపోకలు. నా కారు 2018 స్విఫ్ట్ పెట్రోలు. టర్బో లేదు, ఏమీ లేదు. అయినా మీ ప్రశ్న చూసి రాయాలనిపించింది.

నేనొక లెక్క వేసుకున్నాను. నా స్విఫ్ట్ బరువు సుమారు 870 కిలోలు, బలం 83 పీఎస్. పోలో జీటీ 1,100 కిలోలు దాటుతుంది, బలం 105. టన్నుకి ఎంత అని భాగిస్తే రెండూ 95 దగ్గరికే వస్తాయి. టార్కులో మాత్రం పోలోది 175 ఎన్‌ఎం, నాది 113. అంటే పోలో తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది, నేను ఇంజనుని నాలుగు వేల పైకి తిప్పుకోవాలి. కానీ మీ బావగారు చప్పుడు వినమన్నారు చూడండి, ఆ ఆనందం దీంట్లో ఉంది. ఆర్‌ఎస్ బరువు 950, బలం 102, ఇదే లెక్కలో 107 వస్తుంది. అబార్త్ ఎలాగూ అన్నింటికన్నా పైనే.

మన రోడ్డు మీద తేలిక బండి ఎందుకు ముఖ్యమో రోజూ కనిపిస్తుంది. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే మనం మార్జిన్ దిగాలి. తారు అంచు జానెడు ఎత్తుంటుంది, కింద మెత్తటి బంకమట్టి, దాని పక్కనే కాలవ. దిగడం, ఆగడం, మళ్లీ ఎక్కడం, ఇలా కొత్తపేట నుంచి అమలాపురం లోపు ఎన్నిసార్లో. బరువైన బండి, తక్కువ ఎత్తున్న బండి ప్రతిసారీ కింద తగులుతుంది. నేల నుంచి స్విఫ్ట్ ఎత్తు 163 మిల్లీమీటర్లు, ఆర్‌ఎస్ 170.

ఒక మాట మనస్ఫూర్తిగా చెప్తున్నాను. వేగంగా నడపడం ఇష్టమైతే కాలవగట్టు దానికి చోటు కాదు. రక్షణగోడ లేని చోట్లు ఇంకా చాలా ఉన్నాయి. కార్లు కాలవలో పడ్డ వార్తలు మనందరం చదివినవాళ్లమే. మీరు ఏది కొన్నా సీటు బెల్టు కోసేదీ అద్దం పగలగొట్టేదీ కలిసి ఉండే చిన్న సుత్తి ఒకటి డ్రైవరు చేతికందే చోట పెట్టుకోండి. డిక్కీలో కాదు. నా కారులో హ్యాండ్ బ్రేకు పక్కన ఉంటుంది.

రావులపాలెం షెడ్డు:

తమ్ముడూ, నేను రావులపాలెంలో ఇరవై రెండేళ్లుగా పెట్రోలు బండ్లు విప్పుతున్నాను. ఏ బండి మంచిదని కంపెనీ పేరు చూసి చెప్పలేను, ఒకే ఏడాది తయారైన రెండు బండ్లు చెరో రకంగా నా దగ్గరికి వస్తాయి. నువ్వు చూసినవాటిలో ఏది ఎలా బతికిందో తెలుసుకోవడమే అసలు పని. అది ఎలా చూడాలో చెప్తాను, వెళ్లి చూసి రా.

మొదటిది వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలన్నీ మునిగాయి, యానాం వీధుల్లోకి నీళ్లొచ్చాయి. ఆ ఏడు మునిగిన బండ్లు ఎక్కడికీ పోలేదు, కడిగి, పాలిష్ పట్టి, చేతులు మారి తిరుగుతూనే ఉన్నాయి. యానాం బండి చూడటానికి శుభ్రంగా ఉందన్నావు, అందుకే ముందు దాన్నే అనుమానించు. సీటు బెల్టు చివరిదాకా లాగు. మొదటి రెండడుగులు ఎవడైనా కడుగుతాడు, చుట్ట లోపలుండే చివరి జానెడు ఎవడూ కడగడు. అక్కడ ఒండ్రు గీత కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, వచ్చెయ్. కనిపించకపోతే డ్రైవరు సీటు కింద పట్టాలూ, వాటి బోల్టులూ చూడు. లోపలుండే బోల్టు ఊరికే తుప్పు పట్టదు. డ్యాష్‌బోర్డు కింద స్టీరింగు రాడ్డు పక్కన వేలు పెట్టి తడుము, గరుగ్గా తగిలితే అది ఏటి మట్టి. స్టెప్నీ తీసి గుంత చూడు. ఫ్యూజు బాక్సులో కనెక్టర్లు ఆకుపచ్చగా ఉంటే వైరింగు లోపల్నుంచి పోతోందని అర్థం. మునిగిన బండి మొదటి ఏడు బాగానే తిరుగుతుంది, ఆ తర్వాత రోజుకో లైటు వెలుగుతుంది.

రెండోది ఉప్పు. నువ్వు పని చేసేది చెరువుల మీదే కాబట్టి నీకు నేను చెప్పక్కర్లేదు, చవిటి నీళ్లూ, ఏరేటర్ల తుంపరా, సముద్రపు గాలీ. ఈ వైపు తిరిగిన బండి పైన అద్దంలా ఉంటుంది, కింద బ్రేకు పైపులు పొలుసులు రాలుతుంటాయి. ఏదో ఒక షెడ్డులో ర్యాంపు ఎక్కించి చూడందే డబ్బు ఇవ్వకు. బ్రేకు పైపులు, ముందు సబ్‌ఫ్రేము, వెనక యాక్సిలు దూలం, సైలెన్సరు అతుకులు, తలుపుల అడుగున నీళ్లు పోయే కన్నాలు. పై తుప్పు పర్లేదు, గీకితే పోతుంది. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే దిగబడేది మాత్రం వద్దు.

ఇక ఇంజను. రాత్రంతా ఆపి ఉంచిన ఇంజనుని నీ ముందు స్టార్టు చేయించు. వెళ్లగానే బానెట్టు మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే రేపొస్తానని చెప్పి వచ్చెయ్. చల్లటి స్టార్టులో గొలుసు చప్పుడులాంటిది వినిపించినా, సైలెన్సరులో నీలం పొగ వచ్చినా రాసుకో. తర్వాత ఒక పది నిమిషాలు ఐడిలింగులో వదిలి, ఒక్కసారి రేసు ఇవ్వు. అప్పుడు నీలం పొగ ఒక గుక్క వస్తే టర్బో సీళ్ల వైపు చూడాలి. ఇంటర్‌కూలరు (టర్బో గాలిని చల్లార్చేది) పైపు విప్పి లోపల వేలు పెట్టు. కొద్దిగా జిడ్డు సహజం, వేలు నుంచి ఆయిలు కారితే సహజం కాదు.

క్లచ్చి చూడాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నలభై దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తొక్కు. ఆర్‌పీఎం ముల్లు ముందుకు ఎగిరి స్పీడు ముల్లు అక్కడే ఉంటే క్లచ్చి జారుతోంది. మామూలు బండిలో దాగుతుంది గానీ టర్బో బండిలో దాగదు, ఆ టార్కుకి బయటపడిపోతుంది.

ఇంజను కంప్యూటరులో నమోదైన తప్పులు చదివే స్కానరు తప్పకుండా పెట్టించు. తప్పులేమీ లేవని చూపించినంత మాత్రాన సంతోషించకు, రెడీనెస్ మానిటర్లు అని బండి తనను తాను చేసుకునే పరీక్షలు ఉంటాయి, అవి పూర్తికాలేదని చూపిస్తే ఎవరో నిన్ననో మొన్ననో తప్పులు తుడిచేశారని అర్థం. టైర్ల మీద నాలుగంకెలు చూడు, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. 60,000 తిరిగిందన్న బండికి కంపెనీ టైర్లే ఉన్నాయంటే అరుగుదల ఎంతుండాలో నీకే తెలుస్తుంది. పెడల్ రబ్బర్లూ, స్టీరింగు తోలూ, గేరు నాబూ చూస్తే కిలోమీటర్లు తిప్పారో లేదో సగం తెలిసిపోతుంది. మిగతా సగం సర్వీసు బిల్లులు చెప్తాయి.

పోలో జీటీ గురించి విడిగా చెప్పాలి. అందులో 1.2 టీఎస్‌ఐకి ఏడు గేర్ల డీఎస్‌జీ (తనంతట తనే గేర్లు మార్చే పెట్టె) ఒక్కటే వచ్చేది, మాన్యువల్ లేదు. నువ్వు గేరు మార్చుకోవాలని ఆశపడుతున్నావు. మాన్యువల్ టర్బో పోలో కావాలంటే 2020లో వచ్చిన 1.0 టీఎస్‌ఐ చూడాలి, 110 పీఎస్, ఆరు గేర్లు, అది నీ డబ్బుకు అందదు. ఈ ఏడు గేర్ల పెట్టెలో క్లచ్చిలు నూనెలో మునిగుండవు, పొడిగా ఉంటాయి. ట్రాఫిక్కులో అంగుళం అంగుళం పాకిస్తే వేడెక్కుతాయి. దాన్ని నడిపే మెకట్రానిక్స్ యూనిట్టు ఖరీదైనది, ప్రపంచమంతా దాని మీద ఫిర్యాదులున్నాయి. 2013 చివర్లో 16 లక్షల బండ్లకు ఆ పెట్టె నూనె మార్చాలని కంపెనీయే ప్రకటించింది. బాగున్న పెట్టె చక్కగా పని చేస్తుంది, అదీ నిజమే, గేరు పడిందని తెలియనంత తొందరగా పడుతుంది. రివర్సు నుంచి డీకి మార్చినప్పుడు దెబ్బలా తగిలినా, ఫస్టు నుంచి సెకండుకి వణికినా వదిలెయ్.

రీమ్యాప్ అబార్త్ నేనైతే కొనను. రీమ్యాప్ తప్పని కాదు. ఎవరు చేశారు, ఏ ఆయిలు వాడారు, ఎన్నివేల కిలోమీటర్లకు మార్చారు, ఇవి కాగితం మీద చూపించగలిగితే అప్పుడు మాట్లాడవచ్చు. "ఇంకా బాగా లాగుతుంది" అనేది సర్వీసు చరిత్ర కాదు కదా.

పెట్రోలు సంగతి. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లే ఇరవై శాతానికి తగ్గ రబ్బర్లూ సీళ్లతో వస్తున్నాయి. నువ్వు చూసేవన్నీ అంతకుముందువి. దానికని భయపడి మానుకోవద్దు. ఇంధనం గొట్టాలు, ఓ-రింగులు ఏడాదికోసారి చూపించుకో, చెమ్మ గానీ వాసన గానీ ఉంటే మార్చేయాలి. ఇథనాలు గాల్లో తేమని పీలుస్తుంది, మన దగ్గర తేమకి కొదవ లేదు. ట్యాంకు అడుక్కి పెట్టి బండిని వారాల తరబడి నిలబెట్టకు. ఆర్‌ఎస్, పోలో రెండూ సిలిండరులోకే నేరుగా పెట్రోలు కొట్టే ఇంజన్లు, అబార్త్ పాత పద్ధతి, వాల్వుల వెనక నుంచి కొడుతుంది. నేరుగా కొట్టేవాటికి వాల్వుల మీద మసి పేరుకుంటుంది, ఎప్పుడూ రెండువేల లోపే పాకిస్తూ తిప్పితే ఇంకా ఎక్కువ.

కాకినాడ సర్వేయర్:

నేను వాహన బీమా సర్వేలు చేస్తానండి. షెడ్డు గారు చెప్పినదానికి కాగితాల వైపు నుంచి కొంచెం కలుపుతాను.

అమ్మేవారిని ఇప్పటి పాలసీ ఒక్కటే కాదు, గత మూడు నాలుగేళ్ల పాలసీలు అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అనే గడి ఉంటుంది. క్లెయిము చెయ్యకుండా ఉంటే అది 20, 25, 35, 45, 50 శాతం, ఇలా ఏటా పెరుగుతూ పోతుంది. ఏడెనిమిదేళ్ల బండికి యాభై ఉండాల్సిన చోట సున్నా గానీ ఇరవై గానీ ఉందంటే మధ్యలో క్లెయిము జరిగింది, లేదా పాలసీ మురిగిపోయింది, లేదా చేతులు మారింది. ఏ ఏడాది పడిపోయిందో చూడండి. 2022 వేసవిలో 45 ఉండి 2023లో సున్నా అయిన గోదావరి బండి అయితే, ఆ మధ్య వానాకాలంలో ఏం జరిగిందని అడగడం మీ హక్కు. ఆ బోనసు అమ్మినవారి వెంటే పోతుంది, మీకు రాదు, కాబట్టి ప్రీమియం లెక్క కొత్తగా వేయించుకోండి. కొన్న 14 రోజుల లోపు పాలసీ మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాలి.

పీవై 04 గురించి. యానాం మన మధ్యలోనే ఉన్నా కాగితం మీద పుదుచ్చేరి. అక్కడ ట్యాక్సు తక్కువని మనవాళ్లు చాలామంది అక్కడ రిజిస్ట్రేషను చేయించుకున్నారు. మీరు రాజోలులో ఉంచుకుని తిప్పాలంటే పన్నెండు నెలలు దాటాక ఇక్కడి నంబరు తప్పదు. దానికి ఫారం 28తో అక్కడి ఎన్ఓసీ, ఇక్కడ జీవితకాల పన్ను. ఎనిమిది తొమ్మిది లక్షలకు కొన్న బండికి వయసు తరుగు తీసేసినా అది చిన్న మొత్తం కాదు. హైదరాబాద్ బండికీ ఇదే వర్తిస్తుంది, అదిప్పుడు వేరే రాష్ట్రం. ఆర్టీవో ఆఫీసులో ముందే లెక్క వేయించుకుని, ఆ మొత్తాన్ని బండి ధరకు కలిపి చూసుకోండి. 4,60,000 పోలో అప్పుడు 4,60,000 కాదు. కాకినాడ బండికి ఆ గొడవ లేదు, ఫారం 29, 30 చాలు. ఫైనాన్సు మీద కొన్నదైతే అది తీరినట్టు ఫారం 35, బ్యాంకు లేఖ తీసుకోవడం మరిచిపోవద్దు.

రాజోలు కుర్రాడు:

ఆలస్యానికి మన్నించండి, రెండు ఆదివారాలు పట్టింది.

యానాం వెళ్లాను ముందు. బెల్టులు లాగాను. ముందు రెండూ శుభ్రంగా ఉన్నాయి, కొత్తగా ఉన్నాయి కూడా. వెనక ఎడమ వైపు బెల్టు పూర్తిగా లాగితే చివర్లో జానెడు మేర బూడిదరంగు గీత ఉందండి, వేలితో రుద్దితే పొడి రాలింది. మా ఇంటి గోడ మీద 2022 గీత ఇప్పటికీ ఉంది, సున్నం వేసినా పైకి తేలుతుంది, ఆ రంగు నాకు కొత్త కాదు. బ్రోకరుని పాత పాలసీలు అడిగితే ఒక్కటే ఇచ్చారు, బోనసు గడిలో 20 ఉంది. ఏమీ అనకుండా వచ్చేశాను. షెడ్డు అన్నగారూ, మీరు చెప్పకపోయి ఉంటే నేను దానికే అడ్వాన్సు ఇచ్చేవాణ్ని. మనసులో ఇచ్చేసినట్టే ఉంది.

అబార్త్‌కి హైదరాబాద్ వెళ్లలేదు. బిల్లులు వాట్సాప్‌లో పంపమంటే రీమ్యాప్ బిల్లు పంపారు, ఆయిలు మార్పుల బిల్లులు పంపలేదు. గూడెం గారి మాటే మనసులో తిరుగుతోంది. ఎప్పుడైనా మీ బండి ఒకసారి చూపించండి, పక్కన కూర్చుంటాను చాలు.

కాకినాడ ఆర్‌ఎస్ దగ్గరికి బావగారితో వెళ్లాను. ఉదయం ఏడింటికి. బానెట్టు చల్లగా ఉంది. డాక్టరు గారు ఆసుపత్రికీ ఇంటికీ మధ్యే తిప్పారు, ఏడాదికోసారి సర్వీసు, బిల్లులన్నీ ఫైలులో తేదీల వారీగా గుచ్చి ఉన్నాయి. బోనసు యాభై. పొగ లేదు, పైపులో జిడ్డు మాత్రమే. ర్యాంపు ఎక్కిస్తే సైలెన్సరు అతుకు దగ్గర పైతుప్పు, మిగతాది బాగుంది. టైర్లు కంపెనీవే, మీద 1218 అని ఉంది. గట్టి పడిపోయాయి. నాలుగో గేరులో నలభైలో తొక్కితే ముల్లు ఒక్క క్షణం ఎగిరి, తర్వాత పట్టుకుంది. క్లచ్చి పెడలు కూడా చివర్లో పడుతోంది.

బండి మాత్రం, ఎలా చెప్పాలండీ, రెండువేల ముందే అందుకుంటుంది. జగన్నాథపురం వంతెన దిగి ఊరు దాటాక మూడో గేరులో కొంచెం తొక్కాను. మా బావగారు కిటికీ అద్దం దించి, మాట్లాడకుండా విన్నారు. మూడు సిలిండర్ల చప్పుడు పాత స్విఫ్ట్ చప్పుడు కాదు, కొంచెం గరగరలాడుతుంది. స్టీరింగు నేననుకున్నదాని కన్నా తేలిక, మధ్యలో చేతికి ఏమీ చెప్పదు. అది నాకు వెలితే. కానీ బండి బరువు లేనట్టు మలుపు తిరుగుతుంది.

క్లచ్చి జారుతున్న బండి కొనవచ్చా? ఇంజను ఈ కంపెనీ మానేసిన రకం కదా, సామాను దొరుకుతుందా?

రావులపాలెం షెడ్డు:

కొను. క్లచ్చి అరిగిపోయే వస్తువు, మనిషికి చెప్పు అరిగినట్టే, ఊళ్లో తిరిగిన బండికి 62,000కి రావడం సహజం. దాన్ని ధరలో తగ్గించుకో. ఆర్‌ఎస్ 2020లో ఆగిపోయింది గానీ అదే 1.0 బూస్టర్‌జెట్ కుటుంబం ఇంజను 2023లో మారుతి ఫ్రాంక్స్‌లో మళ్లీ వచ్చింది, కాబట్టి ఈ ఇంజను ఎరిగిన చేతులు మన వైపు పెరుగుతున్నాయి. బాడీ సామాను మామూలు బాలెనోదే చాలావరకు, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ముందు బంపరు, వెనక డిస్కులు, టర్బో చుట్టుపక్కల భాగాలు మాత్రం నంబరు చూసి ఆర్డరు పెట్టాలి. క్లచ్చి మార్చేటప్పుడు రిలీజు బేరింగు కూడా మార్పించు, గేర్‌బాక్సు రెండుసార్లు దింపడం ఎందుకు. ఆయిలు ఫుల్లీ సింథటిక్, ఎనిమిది వేల కిలోమీటర్లకే మార్చు. దూరం నడిపి వచ్చాక వెంటనే ఆపకు, ఒక నిమిషం ఐడిలింగులో ఉంచి ఆపు, టర్బో చల్లారాలి.

స్టీరింగు గురించి నీ మాట నిజమే. టైర్లు మార్చాక కొంచెం మెరుగవుతుంది, ఎనిమిదేళ్ల రబ్బరు మీద ఏ బండీ మాట్లాడదు.

అమలాపురం స్విఫ్ట్:

యెదుర్లంక వంతెన మీదుగా తెచ్చుకుంటారు కదా, ముమ్మిడివరం దాటాక మెల్లగా రండి, ఆ వైపు వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తున్నారు ఈ వారం. సుత్తి మరిచిపోకండి.

రాజోలు కుర్రాడు:

4,98,000కి ఇచ్చారండి. క్లచ్చి ఎస్టిమేటు, టైర్ల మీది నంబరు చూపించాను, డాక్టరు గారు ఒక్క మాటలో ఒప్పుకున్నారు. 195/55 ఆర్16 నాలుగూ కాకినాడలోనే వేయించాను, 28,000 అయింది. సర్వేయరు గారు చెప్పినట్టే ఫారం 29, 30 మీద అక్కడికక్కడే సంతకాలు పెట్టించుకున్నాను, ఫైనాన్సు లేదు. పాలసీ బదిలీకి నిన్న దరఖాస్తు పెట్టాను.

యానాం దగ్గర గౌతమి, బోడసకుర్రు దగ్గర వైనతేయ, రెండు పాయలూ దాటి ఇంటికి తెచ్చాను. వడ్ల దగ్గర దిగి నడిపించినట్టే నడిపాను. బోడసకుర్రు వంతెన ఎక్కేటప్పుడు ముందూ వెనకా ఎవరూ లేరు, రెండో గేరులోంచి మూడుకి మార్చినప్పుడు మీటరు చూడలేదు. బావగారు పక్కనే ఉన్నారు.

అమ్మ వెనక సీటులో కూర్చుని కాళ్లు చాపుకోవడానికి చోటుందని సంతోషించింది. సుత్తి హ్యాండ్ బ్రేకు పక్కనే పెట్టాను. వరదొస్తే బండి ఏటిగట్టు మీద ఎక్కడ పెట్టాలో నాన్నగారు అప్పుడే చోటు చూసి పెట్టారు, రావిచెట్టుకి పడమటి వైపు.

షెడ్డు అన్నగారూ, క్లచ్చి సెట్టు, బేరింగు మంగళవారానికి వస్తాయన్నారు. ఆ రోజు ల్యాబుకి సెలవు పెట్టాను. ఉదయం ఎనిమిదింటికి రావులపాలెం వస్తే బండి విప్పేటప్పుడు దగ్గరుండి చూడనిస్తారా?